కెమెరాకీ చేపకీ మధ్య నీళ్లు తగ్గించండి: అండర్‌వాటర్ ఫోటో, వీడియో పాఠం

నమస్తే అండి. డైవింగ్ చేసేవాళ్లు కెమెరా కొన్న కొత్తలో దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "ఒడ్డున ఇంత బాగా తీసే కెమెరా, నీళ్లలోకి దిగగానే అన్నీ నీలంగా, మసగ్గా ఎందుకు తీస్తోంది? ఇంకా ఖరీదైనది కొంటే బాగుపడుతుందా?" అని. రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. బాగుపడదు. ఎందుకో ఈ వీడియోలో చూద్దాం.

నీరు రంగుల్ని మింగేస్తుంది. అందులో మొదట పోయేది ఎరుపు. సుమారు 5 మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు మాయమవుతుంది. 10 మీటర్ల దగ్గర నారింజ, 20 మీటర్లకి పసుపు కూడా వెలిసిపోతాయి. చివరికి నీలం, ఆకుపచ్చ మిగులుతాయి. ఇంతవరకు డైవింగ్ కోర్సులోనే చెప్తారు. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. వెలుతురు అడ్డంగా ప్రయాణించినా రంగులు ఇలాగే పోతాయి. మీరు 3 మీటర్ల లోతులో ఉన్నారు, చేప మీకు 4 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఎండ పైనుంచి 3 మీటర్లు దిగి, చేపని తాకి, అక్కడి నుంచి ఇంకో 4 మీటర్లు దాటి మీ లెన్స్‌కి చేరాలి. అంటే మొత్తం 7 మీటర్ల నీళ్లు. ఆ ఫోటోలో ఎరుపు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

కాబట్టి ఈ రోజు నేను చెప్పబోయే ప్రతి మాటా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: దగ్గరికి వెళ్లాలి. మీటరు లోపలికి. వీలైతే చెయ్యి చాచినంత దూరంలోకి. జూమ్ చేస్తే చేప పెద్దదవుతుంది కానీ మధ్యలో ఉన్న నీళ్లు తగ్గవు. అందుకే నీటి కింద జూమ్ వాడకండి. పెద్ద జీవాలకి వైడ్ లెన్స్ పెట్టుకుని దగ్గరికి వెళ్లండి, చిన్నవాటికి మాక్రో లెన్స్ పెట్టుకుని ఇంకా దగ్గరికి వెళ్లండి. ఇందులో కన్ను కూడా మనల్ని మోసం చేస్తుంది. మాస్క్‌లోంచి చూస్తే ఏ వస్తువైనా దాదాపు పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. "చాలా దగ్గరికొచ్చేశాను" అనిపించినప్పుడు మీరు నిజానికి ఇంకా దూరంగానే ఉంటారు.

సరే, దగ్గరికి ఎలా వెళ్లాలి? ఇక్కడే కెమెరా పక్కన పెట్టి డైవింగ్ గురించి మాట్లాడుకోవాలి.

పగడాల దిబ్బ పక్కన, దేన్నీ పట్టుకోకుండా, రెండు చేతులూ పనిలో ఉండగా, ఒకే లోతులో మూడు నిమిషాలు నిలబడగలరా? చేతులు ఆడించకుండా, ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు) కొట్టకుండా? ఇది రాకపోతే కెమెరా ఇంకొన్నాళ్లు ఆగితే మంచిది. నేను ఈ విషయంలో మొహమాటపడను. బాయెన్సీ, అంటే నీళ్లలో తేలకుండా, మునగకుండా నిలబడే నేర్పు, కుదరని మనిషి చేతికి కెమెరా ఇస్తే, దెబ్బ తినేది ఫోటో ఒక్కటే కాదు. గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి 2 సెంటీమీటర్లకి మించి పెరగవు. ఒక ఫిన్ తగిలితే ఎన్నో ఏళ్ల పెరుగుదల ఒక్క క్షణంలో విరిగిపోతుంది.

సాధన ఇలా చేయండి. ముందు బరువులు సరిచూసుకోండి. డైవ్ చివర్లో, ట్యాంకులో 50 బార్ (గాలి పీడనం) మిగిలి ఉన్నప్పుడు, 5 మీటర్ల లోతులో బీసీడీలో (తేలడానికి గాలి నింపే జాకెట్‌లో) గాలి దాదాపు ఖాళీ చేసి చూడండి. అక్కడ తేలకుండా, మునగకుండా నిలబడితే బరువు సరిపోయినట్టు. మునిగిపోతుంటే బరువు ఎక్కువైంది, తగ్గించుకోండి. తర్వాత ఊపిరి. నెమ్మదిగా పీల్చితే కొద్దిగా లేస్తారు, వదిలితే కొద్దిగా దిగుతారు. చిన్న చిన్న సర్దుబాట్లు ఊపిరితిత్తులతోనే చేసుకోవడం అలవాటు కావాలి. ఒళ్లు అడ్డంగా, సమంగా ఉండాలి. కాళ్లు కిందికి వేలాడితే ప్రతి కిక్కుకీ అడుగున ఉన్న ఇసుక లేచి, మీ ఫ్రేమ్‌లోకే వస్తుంది. కప్పలా కాళ్లు పక్కలకి కొట్టే ఫ్రాగ్ కిక్ నేర్చుకోండి. వెనక్కి వెళ్లే కిక్ కూడా నేర్చుకోండి. ఫోటో తీశాక జీవిని కదపకుండా, అడుగుని తాకకుండా వెనక్కి రాగలగడం చాలా పెద్ద నైపుణ్యం.

ఒక హెచ్చరిక. కెమెరా కదలకూడదని కొందరు ఊపిరి బిగపడతారు. ఆ పని వద్దు. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలవుతుంది. ఊపిరి బిగపట్టి మీకు తెలియకుండానే కొంచెం పైకి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఊపిరి వదిలాక సహజంగా ఒక చిన్న విరామం వస్తుంది, ఆ విరామంలో షట్టర్ నొక్కండి. అది చాలు.

ఇక చేపల దగ్గరికి వెళ్లడం. తిన్నగా మీదికి ఈదుకుంటూ వెళ్తే ఏ జీవమైనా పారిపోతుంది, మీకు తోక ఫోటో మిగులుతుంది. పక్కనుంచి, కొంచెం కిందినుంచి, మెల్లగా వెళ్లండి. మధ్యలో ఆగండి. అది తన పని తాను చేసుకోవడం మొదలుపెట్టాక ఇంకొంచెం ముందుకు కదలండి. కొత్తవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది క్లౌన్‌ఫిష్. అది తను ఉండే అనెమొనీని (పువ్వులా కనిపించే సముద్ర జీవిని) వదిలి దూరం పోదు, ఎంత తిరిగినా మళ్లీ అక్కడికే వస్తుంది. ఒకే చోట నిలబడి ఓపిగ్గా పని నేర్చుకోవచ్చు. క్లీనింగ్ స్టేషన్లు కూడా అంతే. చిన్న చేపలు, రొయ్యలు పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తినే చోట్లు అవి. కొంచెం ఎడంగా కాచుకుని ఉంటే చేపలు వాటంతట అవే వస్తాయి. తాబేలు కనిపిస్తే వెంటపడకండి, పైన అడ్డంగా ఉండకండి. గాలి కోసం అది పైకి వెళ్లాలి. దేన్నీ ముట్టుకోవద్దు, ఫోటో కోసం పక్కకి జరపవద్దు.

ఎప్పుడూ కిందినుంచి పైకి తీయండి. పైనుంచి కిందికి తీస్తే చేప నేలలో కలిసిపోతుంది. కింది కోణం నుంచి వెనకాల నీలం వస్తుంది, రూపం విడిగా తెలుస్తుంది. ఫోకస్ కంటి మీద పెట్టండి. కన్ను స్పష్టంగా లేకపోతే ఆ ఫోటో నిలబడదు.

ఇప్పుడు వెలుతురు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో, డ్రై టొర్టుగస్ దగ్గర, విలియమ్ లాంగ్లీ అనే శాస్త్రవేత్త, నేషనల్ జియోగ్రాఫిక్ ఫోటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ కలిసి నీటి కింద మొదటి రంగుల ఫోటోలు తీశారు. అందులో హాగ్‌ఫిష్ అనే చేప ఫోటో ప్రసిద్ధం. వెలుతురు కోసం వాళ్లు నీటి మీద తెప్ప కట్టి, దాని మీద మెగ్నీషియం పొడి మండించారు. అంటే రంగు కావాలంటే వెలుతురు మనమే తీసుకెళ్లాలని అప్పుడే తేలిపోయింది. ఈ రోజు ఆ పని స్ట్రోబ్, అంటే నీటి కింద వాడే ఫ్లాష్, చేస్తుంది.

స్ట్రోబ్ ఉన్నవాళ్లకి ముఖ్యమైన సమస్య బ్యాక్‌స్కాటర్. నీళ్లలో తేలే నలకలు తెల్లటి చుక్కల్లా ఫోటో నిండా పడతాయి. పొగమంచులో బండికి హైబీమ్ వేస్తే ఏమవుతుందో అదే ఇక్కడ జరుగుతుంది. లెన్స్ ముందున్న నీళ్ల మీద స్ట్రోబ్ వెలుతురు పడకూడదు. అందుకని స్ట్రోబ్‌ని కెమెరాకి కలిపే కడ్డీలు (ఆర్మ్స్) బాగా చాపి, స్ట్రోబ్‌ని కెమెరాకి పక్కగా, కొంచెం వెనక్కి పెట్టి, కాస్త బయటికి తిప్పండి. వెలుతురు అంచు మాత్రమే జీవిని తాకాలి. వెడల్పు దృశ్యాలకి ఇది తప్పనిసరి. దగ్గరికి వెళ్లేకొద్దీ నలకలూ తగ్గుతాయి, ఎందుకంటే మధ్యలో నీళ్లే తక్కువ.

సెట్టింగ్స్‌లో ఒక్క సూత్రం పట్టుకోండి. స్ట్రోబ్ మెరుపు చాలా కొద్ది క్షణమే ఉంటుంది, కాబట్టి దాని వెలుతురుని అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, ఎఫ్ నంబరు), స్ట్రోబ్ పవర్ నిర్ణయిస్తాయి. వెనకాల నీటి రంగుని షట్టర్ స్పీడ్ నిర్ణయిస్తుంది. వైడ్‌కి ఎఫ్ 8, 1/125, ఐఎస్ఓ 200తో మొదలుపెట్టండి. నీళ్లు మరీ వెలిసిపోయినట్టుంటే షట్టర్ స్పీడ్ పెంచండి, నీలం ముదురుతుంది. మాక్రోకి ఎఫ్ 16, 1/200, ఐఎస్ఓ 100. ఫోటోలు రా (RAW) ఫార్మాట్‌లోనే తీయండి.

స్ట్రోబ్ లేకపోయినా దిగులు వద్దు. ఎండ బాగా ఉన్న వేళ, 10 మీటర్ల లోపే, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయండి. తెల్ల స్లేటు చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) చేతితో సెట్ చేసుకోండి. 3, 4 మీటర్ల లోతు మారినప్పుడల్లా మళ్లీ సెట్ చేయాలి. ఎర్ర ఫిల్టర్ నీలం నీళ్లలో సుమారు 5 నుంచి 20 మీటర్ల మధ్య ఉపయోగపడుతుంది. ఫిల్టర్ పెట్టి లైటు కూడా వేస్తే మాత్రం దగ్గరున్నదంతా ఎర్రగా మారిపోతుంది.

వీడియోకి వస్తే, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆపడం. కెమెరా ఊపుతూ ఈదిన ఫుటేజ్ ఎవరూ చూడలేరు. రికార్డ్ నొక్కాక కనీసం 10 సెకన్లు ఫ్రేమ్ కదపకండి, కదలాల్సింది చేప. సెకనుకి 25 ఫ్రేములు అయితే షట్టర్ 1/50 పెట్టండి, కదలిక సహజంగా ఉంటుంది. ఒకే జీవిని మూడు రకాలుగా తీయండి: చుట్టూ పరిసరాలతో ఒకటి, మొత్తం ఒళ్లు కనిపించేలా ఒకటి, కన్ను లేదా నోరు దగ్గరగా ఒకటి. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. వీడియో లైట్లు మీటరు దాటాక పెద్దగా పనిచేయవు. మళ్లీ అదే మాట, దగ్గరికి వెళ్లాలి.

కెమెరా చేతిలో ఉంటే సమయం తెలియదు. ఏ జీవి దగ్గరికైనా వెళ్లే ముందు ఒకసారి గాలి, లోతు, నో-డెకో సమయం (మధ్యలో ఆగాల్సిన పని లేకుండా పైకి రాగలిగే గడువు) చూసుకోండి, వచ్చాక మళ్లీ చూడండి. బడ్డీ (మీకు జతగా దిగిన డైవర్) ఎక్కడున్నారో చూడండి. ఫోటో కోసం ఎంతసేపు ఆగుతారో దిగకముందే వాళ్లతో మాట్లాడుకోండి. టెన్షన్‌గా ఉన్న డైవ్‌లో, కరెంట్ ఎక్కువున్న చోట కెమెరాని క్లిప్‌కి తగిలించేసి డైవ్ మీద దృష్టి పెట్టండి.

చివరిగా హౌసింగ్, అంటే కెమెరాకి తొడిగే నీరు చొరని పెట్టె. యాక్షన్ కెమెరాలు కొన్ని కేస్ లేకుండా 10 మీటర్ల దాకే తట్టుకుంటాయి, మీ మోడల్ లోతు ముందే చూసుకోండి. ఓ-రింగ్ (నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక, ఒక ఇసుక రేణువు ఉన్నా నీరు కారుతుంది. మంచి వెలుతురులో, తొందర లేనప్పుడు తుడిచి, మెరిసేంత మాత్రమే గ్రీజు రాయండి. ఎక్కువ రాస్తే మురికి అంటుకుంటుంది. కొత్త హౌసింగ్ అయితే మొదటిసారి కెమెరా లేకుండా ముంచి చూడండి. డైవ్ అయ్యాక ఉప్పు ఎండిపోకముందే మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లలోనే బటన్లన్నీ నొక్కండి. పూర్తిగా తుడిచాక, తెరిచే వైపు కిందికి ఉండేలా పట్టుకుని తెరవండి. అంచున మిగిలిన చుక్కలు కెమెరా మీద కాకుండా టవల్ మీద పడతాయి.