అమ్మ చెప్పుల కొలత

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంటి వరండాకు ఎర్ర సిమెంటు గచ్చు ఉంది. ఒక సాయంత్రం మా అమ్మ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని ఆ గచ్చు మీదుగా లోపలికి వెళ్లింది. ఆమె వెనకే పదిహేనేళ్ల మా అమ్మాయి కూడా వెళ్లింది. రెండు వరుసల తడి అడుగులు పక్కపక్కనే పడ్డాయి. మా అమ్మాయి అడుగులో మడమ గుర్తు, వేళ్ల మొదళ్ల గుర్తు, ఆ రెంటినీ కలుపుతూ బయటి అంచున సన్నని చార మాత్రమే ఉన్నాయి. అమ్మ అడుగులో మధ్య ఖాళీ లేదు, పాదమంతా నిండుగా అచ్చు పడింది. ఆరు నెలలుగా ఆమె మడమ శూలతో బాధపడుతోంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకునేది.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. వాటిని విల్లులా వంచి నిలిపేది కింద మడమ నుంచి వేళ్ల దాకా బిగించిన గట్టి పట్టీలు, చీలమండ లోపలి వైపు నుంచి దిగి ఆ వంపును పైకి లాగి ఉంచే స్నాయువు. నవారు మంచం వాడిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కోళ్లు, పట్టెలు చెక్కుచెదరకపోయినా, నవారు వదులైతే మంచం కుంగుతుంది. వయసు పైబడుతుంటే పాదంలోని నవారు కూడా అలాగే వదులవుతుంది. ఎముకలు పెరగవు, కానీ వంపు కుంగి పాదం పొడవుగా, వెడల్పుగా పరుచుకుంటుంది. మడమ కింద మెత్తలాగా ఉండే కొవ్వు కూడా సాగే గుణం పోగొట్టుకుంటుంది.

దీనికి ఒంటి బరువు తోడవుతుంది. నడకలో ప్రతి అడుగుకూ పాదం మీద మన బరువుకు సుమారు 1.2 రెట్ల భారం పడుతుంది. అంటే 15 కిలోలు పెరిగిన మనిషి, అడుగడుగునా ఒక్కో పాదం మీద దాదాపు 18 కిలోలు అదనంగా మోపుతున్నట్టే. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ టిక్కీని, అంటే మిర్చి బస్తాను, దింపి కాసేపు నడుం వాల్చగలడు. ఒంటి బరువును అలా దింపి నడవడం ఎవరికీ సాధ్యం కాదు.

అమ్మ మాత్రం పెళ్లినాటి నుంచి బీసెంట్ రోడ్డులో ఆరో నంబరు చెప్పులే అడిగి కొనుక్కుంటోంది. "నాది ఆరే, నా కాలు నాకు తెలియదా" అనేది. ఆ సాయంత్రం ఆమెను పాత పేపరు మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. దాని మీద ఆమె చెప్పు పెట్టి చూస్తే చిటికెన వేలి గీత పూర్తిగా చెప్పు బయటే ఉంది. అక్కడే ఏళ్ల తరబడి ఆమెకు ఆనెకాయ.

ఏడో నంబరు, మెత్తటి అట్ట ఉన్నవి కొన్నాము. వైద్యుడికి కూడా చూపించాము. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ గోడ పట్టుకోవడం తగ్గింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు దయచేసి ఈ ఒక్క పని చేయండి. సాయంత్రం పూట, కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబెట్టి కొలవండి. కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి కొలవండి. చక్కెర వ్యాధితో పాదం మొద్దుబారినవారికి ఇది మరీ ముఖ్యం, చెప్పు ఒరుసుకుని పుండు పడినా వారికి తెలియదు. రెండు పాదాలూ కొలిచి, పెద్దదానికి సరిపోయేవే కొనండి. ఎడమ పాదం పెద్దదని మా అమ్మకు డెబ్బయ్యో ఏట, ఆ సాయంత్రమే తెలిసింది.