హ్యామర్ దించే ముందు

అందరికీ నమస్కారం. తేలినీలాపురం పక్కన నిలబడి పిట్టల తుపాకీ గురించి మాట్లాడమంటే ముందు నాకే నవ్వొచ్చింది. ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి మన పెరటి చెట్ల మీద గూళ్లు కడితే, వాటి జోలికొచ్చినవాడి మీదికి కర్ర తీసే ఊళ్లు ఇవి. వేట సంగతి చట్టమే తేల్చేసింది. 1972 వన్యప్రాణి చట్టంలో చిన్న జాతుల వేటకు లైసెన్సులుండేవి, 1991 సవరణతో అవీ పోయాయి. కౌజును కొట్టినా ఉల్లంకిని కొట్టినా ఇప్పుడు కేసే.

మరి ఈ మాటలెందుకంటారా? మన పాత ఇళ్లలో తాతల నుంచి లైసెన్సుతో పాటు వచ్చిన జంట గొట్టాల తుపాకులు ఇంకా ఉన్నాయి. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పాలి కదా, అప్పుడు బీరువాలోంచి బయటికొస్తాయి. తీసే కుర్రాడికి సినిమాలో చూసిందే తెలుసు. నాకు భయం అక్కడే.

నేను చెప్పేది, ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాను పేల్చే రెండు హ్యామర్లు పైకి కొమ్ముల్లా కనిపించే రకం గురించి. హ్యామర్లు లోపల దాగిన తుపాకీని ఇంగ్లండులో ఆన్సన్, డీలీ 1875లో తెచ్చారు. అంతకుముందు ఎక్కువగా ఇవే, ఆ తర్వాత కూడా చాలాకాలం వదల్లేదు. ఐదో జార్జి రాజు ఆఖరిదాకా హ్యామర్ తుపాకులే వాడాడు. మా మేనల్లుడు అమెరికాలో సౌత్ డకోటాలో ఉంటాడు. అక్కడ సీజన్లో లైసెన్సు తీసుకుని ఫెజెంట్లనే కోడిజాతి పిట్టలను వేటాడొచ్చు. మొన్నామధ్య ఫోన్ చేసి, "మామయ్యా, పాత ఇంగ్లీషు తుపాకీ కొన్నాను, సేఫ్టీ ఎక్కడుందో కనబడలేదు" అన్నాడు. "ఎతకకురా, ఉండదు" అన్నాను.

సేఫ్టీ అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట. దాని బదులు ఇందులో ఉన్నది వరస. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస. అది నేను నేర్చుకున్న రోజు చెబుతాను.

నాకు పదేళ్లు. పుష్యమాసం, కోతలైన మడుల్లో ఇంకా తడి ఆరలేదు. నాన్నగారు ఉల్లంకి పిట్టల కోసం గట్టు మీద నడుస్తున్నారు, వెనక బుట్ట పట్టుకుని నేను. పిట్ట లేస్తుందేమోనని రెండు హ్యామర్లూ ఎత్తి ఉంచుకున్నారు. ఏదీ లేవలేదు. ఇక ఇంటికి పోదామని, తూటాలు లోపలుండగానే హ్యామర్లు దించబోయారు. దించాలంటే బొటనవేలితో హ్యామర్ పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలాలి. కుడిది దిగింది. ఎడమదానికి వేలి మీద బురద. జారింది. నా కాలికి మూరెడు దూరంలో గట్టు చీలిపోయింది. ఆ మట్టి నా నోట్లోకి కూడా వెళ్లింది. ఇంటికెళ్లేదాకా ఆయన మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, "గుంటడా, ముందు ఇరవాల, తర్వాత దించాల" అన్నారు. అమ్మకేం అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

విరవడమంటే లివర్ తిప్పి గొట్టాలను కిందికి వంచడం. వెనక నోరు తెరుచుకుంటుంది, తూటా అడుగు, హ్యామర్ కొట్టే సూదికి ఎదురుగా ఉండదు. అప్పుడు హ్యామర్ చేయిజారినా టక్కుమని చప్పుడొస్తుంది, అంతే. ఒక్క గొట్టం పేల్చాక కూడా ఇదే వరస. చాలామంది కుడి గొట్టం పేల్చి కొత్త తూటా పెట్టే హడావిడిలో ఎడమ హ్యామర్ ఇంకా ఎత్తే ఉందన్న సంగతి మరిచిపోతారు. విరవండి, ఎడమది దించండి, అప్పుడు తూటా పెట్టి మూయండి.

మోయడం గురించి. గట్టు దాటినా, కాలవ దాటినా, కంచె దాటినా తూటాలు తీసేయాలి. తీసి, విరిచిన తుపాకీ ముంజేతి మీద వేసుకుంటే అది కాల్చదని పక్కవాడికి కంటితో తెలుస్తుంది. మర్యాద కూడా అదే. మూసి పట్టుకుంటే హ్యామర్లు దిగే ఉండాలి, పిట్ట లేచాకే బొటనవేలితో ఎత్తాలి, చూపుడువేలు ట్రిగ్గర్ కడ్డీకి బయటే. ఆలస్యమవుతుంది కదా అంటే, అవుతుంది. అలవాటైనవాడికి భుజానికి ఎక్కించేలోపు అయిపోతుంది. ఆ కొమ్ములకు మరో గుణముంది, దేనికైనా తగులుకుంటాయి. మొగలి పొద, రేగు కంప, నడుం చుట్టిన తువ్వాలు. నాన్నగారు తువ్వాలు తలకే చుట్టేవారు, అందుకే.

ఇంకో చిక్కు. మరీ పాత తుపాకుల్లో తూటా పేలాక హ్యామర్ సూది మీదే ఆనుకుని ఉండిపోతుంది. తూటా పెట్టి మూస్తే, హ్యామర్‌కు దెబ్బ తగిలినా పేలుతుంది. స్టాంటన్ అనే ఆయన 1867లో హ్యామర్ తనంతట వెనక్కి వచ్చి సగం మెట్టు మీద, అంటే సగం ఎత్తిన చోట, ఆగే ఏర్పాటు తెచ్చాడు. మీది ఏ రకమో తూటాలు లేకుండా చూసుకోండి. దింపిన హ్యామర్ సూదిని తాకుతోందా, కాస్త ఎడంగా ఉందా? తాకేదైతే సగం మెట్టు దాకా వెనక్కి లాగి ఉంచాలి. ఆ మెట్టు అరిగి ఉంటే అదీ నమ్మకం లేదు.

తూటా విషయంలో మేనల్లుణ్ని ఇంకా గట్టిగా కసిరాను. పాత గొట్టాల్లో చాలావాటి తూటా గది 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా 70వి. తమాషా ఏమిటంటే 70ది లోపల చక్కగా పడుతుంది, ఎందుకంటే ఆ కొలత పేలి విచ్చుకున్న తూటాది. విచ్చుకున్నాక దాని అంచు ముందున్న ఇరుకులోకి వెళ్లి ఒత్తిడి పెరుగుతుంది. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలు పాత నల్ల తుపాకీమందు కాలంవి. గొట్టం అడుగున, అది ఏపాటి తూటాకు తట్టుకుంటుందో చెప్పే పరీక్ష ముద్రలు తెలిసిన మెకానిక్‌కు చూపించకుండా ఏ తూటా పెట్టకూడదు. అమెరికాలో బాతులకు 1991 నుంచి సీసపు గుళ్లు నిషేధం. బదులుగా వచ్చిన ఉక్కు గుళ్లు ఆ మెత్తటి గొట్టాలను గీసేస్తాయి. అందుకని బాతుల జోలికి పోవద్దన్నాను. విన్నాడో లేదో.

సభలోకి అసలు తుపాకీ తేవడం నాకిష్టం లేదు. మన ఊరి వడ్రంగి చేత చేయించిన చెక్క నమూనా ఇదిగో. ఇది వంగుతుంది, హ్యామర్లు స్ప్రింగుతో నిజంగా పడతాయి. ఒక్కొక్కరూ వచ్చి పట్టుకోండి. ముందు ఎడమచేతి వాటం వాళ్లు రండి. బేసిన్‌లో నీళ్లు పెట్టాను, వేలు తడుపుకుని మరీ దించండి.