రక్తాన్ని వడకట్టే పొర

శ్రోతలకు నమస్కారం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, పలాస వైపు డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తాన్ని శుభ్రం చేయడం, అన్న మాట ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. మిషన్‌కు తగిలించే, రక్తాన్ని వడకట్టే ఆ మూరెడు లోపు గొట్టంలో ఏముందో మాత్రం చాలామందికి తెలియదు.

అందులో సుమారు పదివేల దారాలుంటాయి. దారాలంటున్నాం గానీ ప్రతిదీ లోపల బోలే. బోలు వెడల్పు దాదాపు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. గోడ మందం 40 మైక్రాన్లు. అన్నిటినీ చీల్చి పరిస్తే ఒకటిన్నర చదరపు మీటర్లు, మనిషి పడుకునే చాపంత! ముడిసరుకు పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్. దాన్ని ద్రావకంలో కరిగించి, సన్నని మూతి గుండా నీళ్లలోకి వదులుతారు. ద్రావకం నీళ్లలోకి జారిపోతుంది, ప్లాస్టిక్ గట్టిపడుతుంది, ద్రావకం ఖాళీ చేసిన చోట రంధ్రాలు మిగులుతాయి. పాలీసల్ఫోన్‌కు తడి అంటదు, అందుకే నీటిని పీల్చే పీవీపీ అనే పాలిమర్‌నూ కలుపుతారు.

రంధ్రాలు కొద్ది నానోమీటర్లే. పొందూరు సన్న ఖద్దరు కూడా వీటి ముందు సింహద్వారమే. ఎర్రకణం ఈ రంధ్రానికి వెయ్యి రెట్లు పెద్దది, దాటలేదు. అణుభారం 66,000 ఉన్న ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ కూడా ఇంచుమించు ఆగిపోతుంది. రక్తంలోని వ్యర్థాలైన యూరియా అణుభారం 60, క్రియాటినిన్‌ది 113; ఇవి దాటిపోతాయి. దారపు గోడ అనే ఈ పొరకు మంచీ చెడూ తెలియవు, కొలతే తెలుసు. అందుకే దారాల లోపల రక్తం పారుతుంటే, బయట ఎదురుగా పారే ద్రవంలో రక్తంలో కంటే పొటాషియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా కలుపుతారు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అవే నడుస్తాయి.

చిక్కూ ఇక్కడే ఉంది. ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు పారితే 120 లీటర్లు. ఆ నీటిలోని చిన్న అణువులు కూడా రక్తంలోకి దూరగలవు. కుళాయి నీటి క్లోరిన్, క్లోరమిన్ అలా చేరితే ఎర్రకణాలు పగులుతాయి. ఆర్వో ఒక్కటే వీటిని నమ్మకంగా ఆపలేదు, పైగా ఆర్వో పొరనే క్లోరిన్ తినేస్తుంది. కాబట్టి ముందు కార్బన్ ట్యాంకు, తర్వాతే ఆర్వో. కార్బన్ దాటిన నీటిలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. రోగిని పడుకోబెట్టే ముందే, ప్రతి షిఫ్టుకూ చూడాలి.

రక్తం ఎక్కించే ముందు గొట్టాన్ని సెలైన్‌తో నింపి, తట్టి గాలి వదిలిస్తారు. గాలి మిగిలిన దారంలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ దారం ఇక పనికిరాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు చాలకపోయినా అంతే. దారం తెగితే బయటి ద్రవం ఎర్రబారుతుంది, మిషన్ మోగుతుంది.

అదే రోగికి గొట్టాన్ని మళ్లీ వాడేటప్పుడు దారాల్లో పట్టే నీటిని కొలవాలి. మొదట 100 మిల్లీలీటర్లు పట్టినది 80 కంటే కిందికి దిగితే పారేయాల్సిందే. బ్లీచింగ్‌తో కడిగితే తెల్లగా మెరుస్తుంది, నిజమే. కానీ పీవీపీ కరిగిపోయి రంధ్రాలు పెద్దవై ఆల్బుమిన్ కారిపోతుంది. మెరుపు చూసి మురిసిపోకూడదు. క్రిములను చంపే పెరసిటిక్ ఆమ్లం నింపి భద్రపరిస్తే, వాడేముందు సెలైన్‌తో బాగా కడిగి, ఆమ్లం మిగల్లేదని పరీక్ష పట్టీ ముంచి చూడాలి. అదీ చిన్న అణువే.