వరద బాధితుల్ని ముందు ఏమడగాలి?

[దృశ్యం: 2024 సెప్టెంబర్, విజయవాడ సింగ్ నగర్. వీధి నిండా నీళ్లు]

వాయిస్: బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. వీధి ఒకటే, నీళ్లూ అవే. అయినా ఒకరు మర్నాడే బురద ఎత్తిపోస్తారు, పక్కింటాయన గోడకు ఆనుకుని కదలడు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో దీనికో వివరణ ఇచ్చారు. కష్టం వస్తే మనసు రెండు లెక్కలు వేస్తుంది. నాకేం పోయింది, ఇంకేం పోబోతోంది? దీనికి నేనేం చేయగలను, నాకెవరున్నారు? మొదటిది కొండంతై, రెండోది సున్నా అయితే మనిషి కుదేలవుతాడు.

[దృశ్యం: పునరావాస కేంద్రం. వాలంటీర్ చాప మీద కూర్చుని ఉంది]

వాయిస్: ఆ లెక్కలు బయటికి రావాలి. నిలబడి కాదు, పక్కన కూర్చుని అడగండి: "ఇప్పుడు అన్నిటికంటే దేని గురించి దిగులుగా ఉందమ్మా?" తర్వాత, "దాన్లో ఇవాళ మనం చేయగలిగిందేముంది?" వెంటనే జవాబు రాకపోతే ఆగండి.

చేయగలిగింది ఉంటే పనిలోకి దిగండి. షుగర్ మాత్రలు కొట్టుకుపోయాయా? పాత చీటీ ఫొటో పిల్లల ఫోన్లో ఉందేమో చూడండి, మెడికల్ క్యాంపుకు మీరే వెంట వెళ్లండి. నష్టం రాసుకునేవాళ్లు ఇంకా రాలేదా? బురద కడిగేముందే ఇల్లు, సామాన్లు ఫొటోలు తీయించండి. రోజుకు ఒక్క పని చాలు.

మనిషే పోయినచోట సలహాలు పనిచేయవు. ఏడవనివ్వండి, అయినవాళ్లకు ఫోన్ కలపండి, కర్మకాండకు వీలు చూడండి. గుండెదడగా ఉంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు వదలమనండి. రెండు మూడు నిమిషాలు.

ఇవి తారుమారైతేనే చిక్కు. పాస్‌బుక్కు పోయినాయనకు ప్రాణాయామం చెబితే ఒళ్లు మండుతుంది. బిడ్డ పోయిన తల్లి చేతిలో ఆ రోజే పరిహారం ఫారం పెడితే ఇంకేమనాలి! జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పమని బలవంతపెట్టడం మరో తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది. వరద మాటే ఎత్తకుండా పేకాడుతున్నవాళ్లను కదిలించకండి, తొలిరోజుల్లో అదీ తట్టుకునే పద్ధతే. రోజూ తాగుడైతే మాత్రం ఊరుకోవద్దు.

[స్క్రీన్ మీద: టెలీ మానస్ 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్]

వాయిస్: నెల దాటినా నిద్ర పట్టకపోతే, పనికి పోలేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయించండి. చావు మాట ఎత్తితే నెల దాకా ఆగొద్దు. ఒంటరిగా వదలకండి. నంబరు రాసిచ్చి వెళ్లిపోకుండా, ఫోన్ మీరే కలిపి చేతికివ్వండి.