తలాక్ అయినా అత్త తల్లే

మిత్రులందరికీ సలాం, నమస్కారం. ముస్లింలు చుట్టాలలో ఎవరినైనా పెళ్లి చేసుకుంటారంటూ ఒక చిన్న వీడియో నల్లగొండ గడియారం చౌరస్తా నుంచి పాలమూరు దాకా తిరుగుతున్న సంగతి మీకు తెలిసిందే. అది పచ్చి అబద్ధం. తలాక్‌తో భార్య పరాయిది కావచ్చు గానీ, ఆమె తల్లి మాత్రం ఆ అల్లుడికి చచ్చేదాకా పరాయిది కాదు!

ఖురాన్‌లో అన్నిసా సూరా 22, 23 ఆయత్‌లు తెరవండి. తండ్రి పెళ్లాడిన స్త్రీ, కన్నకొడుకు భార్య, భార్య తల్లి, కాపురం చేసిన భార్యకు వేరే భర్త వల్ల పుట్టిన కూతురు, వీరంతా శాశ్వతంగా హరామ్, అంటే పెళ్లికి నిషిద్ధం. ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. కాపురం జరగకముందే తల్లితో తెగిపోతే ఆమె కూతురిని చేసుకోవడానికి అడ్డు లేదు. అదే కూతురితో నికా (పెళ్లి) అయి, ఒక్క పూటైనా కాపురం చేయకుండా విడిపోయినా, ఆమె తల్లి మాత్రం హరామే. నికా నాటి నుంచే అల్లుడు అత్తవారింట్లో కొడుకులా మసలవలసినవాడు గనుక, ఏ అనుమానానికీ సందు ఉండకూడదనే ఈ కట్టడి అని నేను గట్టిగా నమ్ముతాను.

దేవరకొండ వైపు ఒక ఖబ్రస్తాన్‌లో నా కళ్లతో చూశాను. భార్యతో తలాక్ అయి ఏళ్లు గడిచిన మనిషి, పాత అత్త జనాజా వెంట నడిచి, మెహరమ్‌గా, అంటే ఎన్నటికీ పెళ్లాడకూడని దగ్గరి బంధువుగా, ఖబర్‌లోకి (సమాధి గుంతలోకి) దిగి, కఫన్ జారకుండా రెండు చేతులతో ఆమెను అందుకున్నాడు. అతణ్ని ఎవరూ ఆపలేదు, ఆపే హక్కూ ఎవరికీ లేదు.

మరి మరదలు? అక్క నికాలో ఉన్నంతకాలం చెల్లెలిని చేసుకోకూడదు. అక్క చనిపోయినా, తలాక్ అయి ఇద్దత్ (ఆ తర్వాత ఆగవలసిన గడువు) గడిచినా చేసుకోవచ్చు. అందుకే ఆమె నామెహరమ్, అంటే మెహరమ్ కానిది, బావ ముందు పరదా పాటించవలసిందే. సాలీతో సరసాలాడటం మన ఇళ్లలో మురిపెంగా సాగుతున్నది గానీ, దీన్‌లో (మన మతంలో) దానికి చోటు లేదు.

అక్క ఉండగానే చెల్లెలిని చేసుకున్న ఒక కేసు మన సరిహద్దు అవతల కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. ఆ పెళ్లి ఫాసిద్, అంటే లోపం గలదే తప్ప బాతిల్, అంటే అసలు చెల్లనిది, కాదనీ, కోర్టు రద్దు చేసేదాకా ఆమెకూ పిల్లలకూ మనోవర్తి ఇవ్వాలనీ 2008లో తీర్పు వచ్చింది. అత్త విషయంలో ఆ ఫాసిద్ అనే మాటకే తావు లేదు. అది మొదటి క్షణం నుంచే బాతిల్.