రెండు కరెంట్లు కలవకూడదు

శ్రోతలకు నమస్కారం. మే నెలలో సాయంత్రం పూట మబ్బు కమ్మి ఈదురుగాలి లేచిందంటే అనంతపురం చుట్టుపక్కల ముందు పోయేది కరెంటే. వేపకొమ్మ విరిగి తీగల మీద పడితే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మామూలు ఇన్వర్టర్ ఫ్యాన్లూ లైట్లూ నడుపుతుంది గానీ బోరు మోటరును లాగలేదు. అందుకని కొందరు జనరేటర్ తెచ్చుకుంటారు. దాన్ని ఇంటి వైరింగుకు ఎట్లా కలపాలి, ఎక్కడ ప్రమాదం పొంచి ఉంటుంది అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం.

అన్నిటికన్నా పెద్ద తప్పుతోనే మొదలుపెడదాం. రెండు చివర్లా పిన్నులున్న వైరు. ఒక కొన జనరేటర్ సాకెట్లో, రెండో కొన గోడకున్న పవర్ ప్లగ్గులో. "మెయిన్ దించినాం కదప్పా, ఏమవుతుంది?" అంటారు. మెయిన్ దించడం ఒక్కసారి మరిచిపోతే చాలు. మీ 230 వోల్టులు మీటరు దాటి స్తంభం ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతాయి. 11 వేల వోల్టులను దించి ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే, కింది నుంచి కరెంటు ఎక్కితే వేల వోల్టులకు పెంచి పై తీగలకు పంపుతుంది. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించే అనుమతి, అంటే ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ వరండాలోంచి కరెంటు వస్తోందని ఎట్లా తెలుస్తుంది? వీధి లోడంతా పడితే చిన్న జనరేటర్ ఆగిపోతుందిలే అని ధైర్యం చెప్పుకుంటారు కొందరు. తీగ మీ ఇంటి ముందే తెగి ఉంటే దాని మీద మీ జనరేటర్ తప్ప ఇంకేమీ ఉండదు, అది ఆగదు. పైగా, అదే సమయంలో అసలు కరెంటు వచ్చిందంటే జనరేటర్ చుట్ట కాలిపోతుంది. గోడ ప్లగ్గులోంచి ఆ వైరు ఊడితే చేతిలో ఉన్నవి కరెంటు పారే పిన్నులు.

దీనికి మందు చేంజోవర్ స్విచ్. మీటరు తర్వాత, ఇంటి సర్క్యూట్లు విడిపోయే పెట్టె, అంటే డీబీకి ముందు దాన్ని బిగించాలి. ఒక పక్క లైను, ఒక పక్క జనరేటర్, మధ్యలో ఆఫ్. పిడి ఒకవైపు వదిలాకే రెండో వైపు పట్టుకుంటుంది కాబట్టి రెండు కరెంట్లూ కలిసే వీలే లేదు. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోల్స్‌ది, త్రీఫేజ్‌కు నాలుగు పోల్స్‌ది కొనండి. ఫేజు మాత్రమే మార్చి న్యూట్రల్‌ను అట్లే వదిలేసే స్విచ్ చౌకగా వస్తుంది, వద్దు. వీధి న్యూట్రల్, మీ జనరేటర్ న్యూట్రల్ ఒకటైపోతాయి. 5 కేవీఏ జనరేటర్ ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లే అయినా, అదే స్విచ్ గుండా మామూలు రోజుల్లో ఇంటి లోడంతా పోతుంది కాబట్టి 40 లేదా 63 ఆంపియర్లది పెట్టాలి. జనరేటర్ దగ్గర 25 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, అంటే లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్, అక్కణ్ణుంచి పైపులో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దూరం 30 మీటర్లు దాటితే 6 వేయండి.

ఇంటికి మూడు ఫేజులుండి జనరేటర్ సింగిల్ ఫేజ్ అయితే, చేంజోవర్‌లో జనరేటర్ వైపు మూడు ఫేజులనూ చిన్న వైరు ముక్కలతో కలిపేసే పద్ధతి ఒకటుంది. అప్పుడు త్రీఫేజ్ మోటరు ఎంసీబీ పొరపాటున పైకి ఉంటే అది తిరగదు, గుర్రుమని కాలుతుంది. కావలసిన సర్క్యూట్లను వేరే డీబీలోకి తీసి, ఆ ఒక్కదానికే జనరేటర్ ఇవ్వడం మేలు. ఇంటి మీద వీధి కరెంటుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ సోలార్ ఉంటే దాని కనెక్షన్ చేంజోవర్‌కు లైను వైపే ఉండాలి. జనరేటర్ వైపు వచ్చిందంటే, మిగిలిన సోలార్ కరెంటు జనరేటర్‌లోకే ఎదురు తన్నుతుంది.

సైజు సంగతి. ఆరు ఫ్యాన్లు, పది ఎల్‌ఈడీ బల్బులు, ఫ్రిజ్, టీవీ కలిపినా వెయ్యి వాట్లు దాటదు. కథంతా మోటరు దగ్గరే. 1 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు తీసుకున్నా, లేచే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. 3 కేవీఏ జనరేటర్ అక్కడ గొంతు పట్టినట్టు ఆగిపోతుంది. 5 కేవీఏ అయితే ముందు మోటరు ఒక్కటే వేసి, అది లేచాక మిగతావి వేసుకోవాలి. గీజర్, ఏసీ ఈ లెక్కలో లేవు.

ఇప్పుడు ఎర్తింగ్. మన నేలలో కష్టమంతా ఇక్కడే. 40 మిల్లీమీటర్ల జీఐ, అంటే జింకు పూత ఇనుప పైపు రెండున్నర మీటర్ల లోతుకు దిగాలి. నాలుగడుగులకే బండ తగిలితే పైపు కోసేసి మట్టి కప్పేసే మేస్త్రీలున్నారు, ఒప్పుకోవద్దు. పైపును నిలువు నుంచి 30 డిగ్రీలు మించకుండా ఏటవాలుగా దించవచ్చు. అదీ కుదరకపోతే అర మీటరు లోతు కాలువ తవ్వి, 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీని 15 మీటర్ల పొడవున పరచాలి. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి. ఎండిన గుంత ఉన్నా లేనట్టే. జనరేటర్ బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు ఇవ్వండి.

చిన్న జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్ దేనికీ కలవకుండా వదిలేసి ఉంటుంది. అలా ఉంటే ఇంట్లో లీకును కనిపెట్టి కరెంటు కోసేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నా, జనరేటర్ మీద నడిచేటప్పుడు అది మనిషిని కాపాడదు. లీకైన కరెంటు తిరిగిపోయే దారే లేదు కాబట్టి అది పడదు. మొదటి లీకు దాగి ఉంటుంది, రెండోది వచ్చిననాడు ప్రాణం మీదికొస్తుంది. మల్టీమీటర్ పెడితే తెలిసిపోతుంది. ఫేజుకూ ఎర్త్‌కూ 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ దాదాపు సున్నా చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు చోట్లా 115 దగ్గర ఆడుతుంటే న్యూట్రల్ గాలిలో ఉన్నట్టే. అప్పుడు జనరేటర్ దగ్గర, ఆ ఒక్కచోటే, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపాలి. ఇది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా అని నమ్మొద్దు. ఆ బటన్ ఫేజు, న్యూట్రల్ మధ్యే కరెంటు పంపుతుంది. ఎర్త్ అసలు లేకపోయినా పడుతుంది.

జనరేటర్‌ను ఎప్పుడూ ఆరుబయటే పెట్టాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటుంది, తర్వాత మగత కమ్ముతుంది, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అడుగుల దూరం, పొగగొట్టం ఇంటికి ఎదురుదిక్కుకు. మెట్ల కింద, కార్ షెడ్డులో, షట్టర్ సగం ఎత్తిన గదిలో వద్దేవద్దు. గోడకు గోడ ఆనుకున్న కడప పాతవీధుల్లాంటి చోట అంత జాగా దొరకదు. అక్కడ జనరేటర్ ఆశ మానుకుని పెద్ద ఇన్వర్టర్‌కే డబ్బు పెట్టడం తెలివైన పని. కింద దిమ్మెకు కడప బండ ఒక్కటే పరిచి వదిలితే అదురుకు పగులుతుంది. అర అడుగు కాంక్రీటు పోసి, పైన రబ్బరు ప్యాడ్లు పెట్టండి.

నడిపే వరస చెప్తాను, పెన్నుంటే రాసుకోండి. డీబీలో ఎంసీబీలన్నీ దించండి. పిడి మధ్యకు. జనరేటర్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. పిడి జనరేటర్ వైపు. ఎంసీబీలు ఒక్కొక్కటిగా ఎత్తండి, మోటరుది ముందు. ఆపేటప్పుడు లోడు తీసేశాక మూడు నిమిషాలు ఊరికే తిరిగి చల్లబడాలి. పెట్రోలు పోయాలంటే ఇంజను ఆపి, సైలెన్సర్ చల్లారాకే.

పదిహేను రోజులకోసారి సగం లోడు మీద పావుగంట నడపండి. దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చాలి. ఆ రోజే, ఇంజను ఆపి, మీటరు దగ్గర మెయిన్ కూడా దించాక, ఎలక్ట్రీషియన్ చేత వైరు కొనలకు వేసే లోహపు లగ్గులన్నీ ఒకసారి బిగించి చూపించండి. అదురుకు ముందు వదులయ్యేవి అవే. వైరు తొడుగు లగ్గు మొదట్లో గోధుమరంగుకు తిరిగి పెళుసుబారి ఉంటే ఊరికే బిగిస్తే చాలదు, ఆ కొన కోసేసి కొత్త లగ్గు వేయించండి.