వేసవి ఎండను భూమిలో దాచిన కాలనీ

శ్రోతలకు నమస్కారం.

కెనడాలో కాల్గరీ నగరానికి దక్షిణాన ఒకొటోక్స్ అనే చిన్న ఊరుంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఇల్లు వెచ్చగా లేకపోతే మనిషి బతకడమే కష్టం. తీరా వేడి కావలసిన ఆ నెలల్లోనే పగలు కురచ, ఎండ పలచన. ఎండ దండిగా కాసే జూన్, జూలైలలో వేడితో పనే ఉండదు. మరి ఆ ఎండను జనవరి దాకా దాచుకోలేమా? అది తేల్చుకోవడానికే అక్కడ డ్రేక్ ల్యాండింగ్ అని 52 ఇళ్ల కాలనీ కట్టారు. 2007లో వ్యవస్థ పని మొదలుపెట్టింది.

గ్యారేజీల కప్పుల మీద 800 సోలార్ పలకలు పెట్టారు. ఇవి కరెంటు తీసేవి కావు, ద్రవాన్ని వేడెక్కించేవి. ఆ వేడిని దాచడానికి ఓ పార్కు కింద 144 బోర్లు వేశారు, ఒక్కొక్కటీ సుమారు 35 మీటర్ల లోతున. ప్రతి బోరులోకీ యూ ఆకారంలో వంచిన ప్లాస్టిక్ పైపు దించి చుట్టూ పూడ్చేశారు. నీళ్లు పైపులోనే దిగి పైపులోనే పైకొస్తాయి. మట్టిని తాకవు, వేడిని మాత్రం వదిలి వస్తాయి.

ఇందులో నాకెంతో నచ్చిన ఉపాయం ఒకటుంది. వేసవిలో వేడినీళ్లను ముందు నడిమధ్య బోర్లలోకి పంపి, అక్కణ్నుంచి అంచులకు తెస్తారు. మధ్యలో మట్టి బాగా కాగుతుంది, అంచులు గోరువెచ్చగానే ఉంటాయి కాబట్టి పక్కలకు పోయే వేడి తగ్గుతుంది. చలికాలంలో ప్రవాహాన్ని తిప్పేస్తారు. అంచున దిగిన నీళ్లు మధ్యకు చేరేసరికి కాగి ఇళ్లకు బయలుదేరతాయి.

మొదటి ఏడాది ఇళ్లకు కావలసిన వేడిలో ఎండ తీర్చింది సగం పైచిలుకే. చల్లటి నేల వేడెక్కడానికి కొన్నేళ్లు పట్టింది. అయిదో ఏడాదికి 90 శాతం దాటింది. 2015-16 చలికాలమంతా పూర్తిగా ఎండ వేడితోనే గడిచింది!

ఒక్క ఇంటికి ఇలా చేసుకుందామంటే కుదరదు. పెళ్లి గుండిగలో అన్నం గంటల తరబడి వేడిగా ఉంటుంది, విస్తట్లో పెట్టిన ముద్ద నిమిషాల్లో చల్లారిపోతుంది. మట్టికీ నీళ్లకీ అదే లెక్క. రాశి పెరిగేకొద్దీ, దాని పరిమాణంతో పోలిస్తే వేడి జారిపోయే ఉపరితలం తగ్గుతుంది. నన్నడిగితే 52 ఇళ్లు కూడా తక్కువే. పరికరాలు పాతబడ్డాయి, వాటిని బాగుచేసి నడిపించే ఖర్చు తలకు మించింది. 2024లో వ్యవస్థను ఆపేసి, ఇళ్లను సహజవాయువు హీటర్లకు మార్చే నిర్ణయం జరిగింది. నాకు చాలా బాధ కలిగింది. నేల తన పని తను చేసింది, దాన్ని మోయడానికి మనుషులే సరిపోలేదు.

డెన్మార్క్‌లోని డ్రోనింగ్‌లుండ్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడ ఊరి ఇళ్లకు వేడినీళ్లు ఒకే సంస్థ నుంచి పైపుల్లో వస్తాయి, వాడకందార్లే దాని యజమానులు. వాళ్లు పెద్ద గొయ్యి తవ్వి, ప్లాస్టిక్ పొర పరిచి, 60,000 ఘనపు మీటర్ల నీళ్లు నింపి, పైన తేలే మూత వేశారు. ఊరి వేడిలో సుమారు 40 శాతం ఎండదే. అందుకే ఎండను చలికాలానికి దాచుకుందామని ఏ ఊరివాళ్లయినా అంటే, అందరికీ కలిపి వేడినీళ్ల పైపులైను ఉందా అని నేను ముందు అడుగుతాను.